పొయ్యి కింద ఒండ్రు

అనకాపల్లి,
జూన్ 8.

సోనీ అక్కా,

నీ కార్డు అందింది. ఏడాది పాటు ఫోన్ ముట్టకూడదు, నెలకి ఒక ఉత్తరమే అని రాశావు. సిస్టర్ అవడానికి ఇంత మౌనంగా ఉండాలని నాకు ముందే తెలిస్తే నిన్ను రైలెక్కనిచ్చేవాణ్ణి కాదు. నేను కాగితం మీద రాసిన చివరి సంగతి తొమ్మిదో తరగతిలో సెలవు చీటీ. ఆ సెలవు ఇంకా నడుస్తోంది.

ఉత్తరాలు ముందు మదర్ చదివి తర్వాత నీకిస్తారని, ఆవిడది కేరళ కాబట్టి మనం మాట్లాడే భాష రాస్తే కష్టమని కూడా రాశావు. సరే, పుస్తకాల్లో ఉన్నట్టే రాస్తున్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే రాస్తాను. మదర్ గారూ, నమస్కారం. అర్థం కాకపోతే అక్కని అడగండి.

పని మారాను. మళ్ళీనా అనకు. అచ్యుతాపురం కంపెనీలో రెండు నెలలు చేశాను. బస్సెక్కితే నిద్ర, దిగితే వాసన. ఇప్పుడు రామ్‌గోపాల్ గారని ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గర ఉన్నాను. నా పని కర్ర పట్టుకుని నిలబడటం. నవ్వకు. దాన్ని స్టాఫ్ అంటారు, నిలువునా అంకెలుంటాయి. సారు దూరాన మూడు కాళ్ళ మిషన్‌లోంచి చూసి ఆ అంకె చదువుతారు. నేల పల్లమైతే పెద్ద అంకె, మెరకైతే చిన్న అంకె. అంతే పని. కానీ అక్కా, మనం చదును అనుకున్నది ఏదీ చదును కాదు! మన చర్చి గేటుకీ వెనక వీధిలో మన ఇంటి గుమ్మానికీ నా నడుమంత తేడా ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళు దాని మీద నడిచాను, నాకెవరూ చెప్పలేదు.

అసలు సంగతి. మన వీధి దాటాక గెడ్డ ఉంది కదా (మదర్ గారూ, గెడ్డ అంటే చిన్న ఏరు, వానల్లో పెద్దదవుతుంది), దాని ఒడ్డున చెరుకు తోటలు తీసేసి లేఅవుట్ వేస్తున్నారు. బెల్లం వ్యాపారం చేసే సూర్యనారాయణమూర్తి గారిది. పర్మిషన్ ఇంకా రాలేదు, అయినా సగం ప్లాట్లు జనం రాయించేసుకున్నారు. అందులో నాన్న ఒకడు. ఇరవై ఏడో నంబరు. కంపెనీ బస్సు ఇరవై ఎనిమిదేళ్ళు నడిపి దాచినదంతా అక్కడ పెట్టేశాడు. అమ్మతో కూడా ముందు చెప్పలేదు.

"గెడ్డ పక్కనేటి యేసుదానం, నీకు బుర్ర లేదా?" అని అమ్మ అరిచింది.

"అది బెల్లం పొయ్యున్న నేలే మేరీ. నా సిన్నప్పుడు అక్కడే పాకం నాకేను. బెల్లం పొయ్యున్న సోటికి నీళ్ళు రావు. కళ్ళు మూసుకుని తీసుకున్నాను" అన్నాడు నాన్న.

ఇంటి ప్లాను తనే గీశాడు, పాత క్యాలెండర్ వెనకాల. మూడు గదులు. ఒక దానిలో "సోనీ గది" అని రాశాడు. నువ్వు ఎప్పుడో రెండేళ్ళకోసారి వస్తావు, నీకెందుకు గది అని నేను అనలేదు. నువ్వూ అనకు.

పర్మిషన్ సంగతి సారుని అడిగాను. గెడ్డ అంచు నుంచి కొంత దూరం వదిలేయాలట, వరద నీళ్ళు నిలిచే చోట ఇల్లు కట్టనివ్వరట. అందుకే ఏ చోటు ఎంత ఎత్తో మ్యాపు గీసి ఇవ్వాలి, ఎక్కువలో ఎక్కువ నీళ్ళు ఎంతదాకా వచ్చాయో దాని మీద గీత గీయాలి. ఆ గీత లోపల ఉన్నది ఖాళీగా వదలాలి. "మరి ఆ గీత ఎవరికి తెలుసు సార్?" అన్నాను. "అదే కదరా మన పని" అన్నారు.

నిన్న గెడ్డ వైపు కింది వరసలో కొలిచాం. అంతా బురద. స్టాఫ్ దిగిపోకుండా కింద ఇటుక పెట్టమన్నారు సారు. పెట్టాను. ప్యాంటు ఇంకా ఆరలేదు.

ఆ పెద్ద తుఫాను ఏడాది నీకు బాగా గుర్తుండాలి. నేను చిన్నవాణ్ణి. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?

సురేష్


రాయగడ,
జూన్ 29.

ఒరేయ్ సురేషూ,

నీ ఉత్తరం నా చేతికి రావడానికి నాలుగు రోజులు ఆలస్యమైంది. కారణం పోస్టు కాదు, మదర్. ఆవిడ ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. నీ ఉత్తరం మూడుసార్లు చదివి, అంచున పెన్సిల్‌తో బొమ్మ గీసుకున్నారు. మూడు కాళ్ళ మిషన్, కర్ర, కర్ర కింద ఇటుక.

నాకు ఇక్కడ గుమ్మడి పాదుల పని ఇచ్చారు. పాదులకు నీళ్ళు పెడుతూ నేనూ చూస్తున్నాను, నీళ్ళు ఎటు పోతాయో. నీ జబ్బు అంటుకుంది.

తుఫాను రాత్రి మనం చర్చిలో పడుకున్నాం. నువ్వు వేదిక దగ్గర కార్పెట్ మీద నిద్రపోయావు. తెల్లారి నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని మన వీధి చూపించాడు. మంచాలు తేలుతున్నాయి. అప్పలనర్సమ్మ గారి గేదె ఒక్కటే గోడెక్కి నిలబడి మనల్ని చూస్తోంది. లేఅవుట్ వైపు అప్పుడు చెరుకు ఉంది, నిలువెత్తు చెరుకు. దాని లోపల నీళ్ళు ఎంతున్నాయో ఎవరికి కనిపిస్తుంది?

మదర్ రెండు ప్రశ్నలు రాయమన్నారు. ఒకటి, ఇటుక అడ్డంగా పెట్టావా, నిలువుగా పెట్టావా? రెండు, మీ సారు అంకె రాసుకునేటప్పుడు ఆ ఇటుక ఎత్తు తీసేశారా? కర్ర ఇటుక మీద ఉంటే అంకె చిన్నదవుతుంది, అప్పుడు నేల ఉన్నదాని కంటే మెరకగా కనిపిస్తుంది కదా అంటున్నారు.

గది సంగతి అనను. నాన్న ఆరోగ్యం చూసుకో.

సోనీ


అనకాపల్లి,
జూలై 20.

అక్కా,

శుభవార్త! నాన్న మాట నిజమే అయ్యేటట్టుంది.

నువ్వు గేదె సంగతి రాశావు కదా, ఆ ముక్క పట్టుకుని అప్పలనర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. లేఅవుట్ అంచున పాకలో ఉంటోంది. గేదె అది కాదు, దాని మనవరాలు. నేను కర్ర భుజాన వేసుకుని వెళ్ళేసరికి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏటిరా బాబూ, రోజూ భూమిని కొలుత్తన్నావు. అదేటి పెరిగిపోతాదేటి?"

"నీళ్ళు ఎంతదాకా వచ్చేవో తెలుసుకుందామని మామ్మా."

"నీళ్ళకి నోరుంటే దాన్నే అడుగుదువు. లేదని నన్నడుగుతున్నావా?"

వాళ్ళాయన బతికున్నప్పుడు ఆ తోటలన్నిటికీ బెల్లం వండింది వీళ్ళేనట. ఆయన పెనం దగ్గర పాకం చూసేవాడు, ఈవిడ పొయ్యిలోకి చెరుకు పిప్పి తోసేది. నాన్న గుర్తున్నాడు ఆవిడకి. "యేసుదానమా? సెలవులకొచ్చి పెనం సుట్టూ ఈగలాగ తిరిగేవోడు" అంది. పొయ్యి ఉన్న చోటికి నీళ్ళు వచ్చేవా అని అడిగాను. నా మీద విసుక్కుంది. "పొయ్యి తడిసిందంటే పెనం ఏడెక్కదు. నీళ్ళొచ్చే సోట ఎవుడైనా పొయ్యి పెడతాడేటి? బెల్లం వండుతావేటి, గంజి వండుతావేటి?"

చూశావా! చదువుకున్నవాళ్ళు వరద గీత ఎక్కడుందో అని తల పట్టుకుంటున్నారు. పొయ్యి ఎక్కడుందో చూస్తే సరిపోతుంది. నేల మీద అక్కడక్కడా నాగలికి పైకి తేలిన ఎర్రగా కాలిన మట్టి కనిపిస్తుంది కదా, అదే పొయ్యి గుర్తు. ఆదివారం పూజ అయ్యాక ఒక్కణ్ణే తిరిగాను. రెండు దొరికాయి. ఒకటి పై వరసలో దిబ్బ మీద. రెండోది సరిగ్గా మన ఇరవై ఏడులో, గెడ్డకి ఒక్క ప్లాటు దూరంలో. అంటే గెడ్డకి అంత దగ్గరైనా నీళ్ళు అక్కడికి ఎక్కలేదన్నమాట. సారుకి చెప్తే భుజం తట్టారు. మూర్తి గారు బెల్లం దిమ్మ ఒకటి ఇంటికి పంపించారు. అమ్మ ఇప్పుడు కొంచెం నవ్వుతోంది.

ఒక్కటి మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. కింది వరసలో మిగతా ప్లాట్లు పల్లంగా ఉంటే గ్రావెల్ పోసి లేపేస్తాం అన్నారు సారు. కన్నబాబు కొట్లో టీ తాగుతుంటే సాసర్లో ఒలికింది. దానిలో ఒక పక్క బిస్కట్ పెట్టాను. టీ రెండో పక్కకి పోయి ఒలికింది, నా ఒళ్ళో. గెడ్డకి ఈ పక్క లేఅవుట్, రెండో పక్క ఏముంది అక్కా? మన వీధే.

కన్నబాబు, "బిస్కట్ తింటావా, బొమ్మలాట ఆడతావా బావా?" అన్నాడు.

నాన్న ఫాదర్ గారితో మాట్లాడాడు. పర్మిషన్ రాగానే సెప్టెంబరు చివర్లో పునాది రాయిని దీవిస్తారు.

సురేష్


రాయగడ,
ఆగస్టు 9.

తమ్ముడూ,

నువ్వు రెండు పొయ్యిలు కనిపెట్టావు, మదర్ రెండు ప్రశ్నలకి మాత్రం జవాబు రాయలేదు. ఆవిడ ఉత్తరం నా చేతికిస్తూ, "మీ తమ్ముడు తెలివైనవాడు, ఏది రాయకూడదో తెలుసు" అన్నారు. నాకు సిగ్గేసింది.

నీ పొయ్యి సంగతి నాకు భలే నచ్చింది. రెండు రోజులు గుమ్మడి పాదుల్లో దాన్నే తలుచుకున్నాను. మూడో రోజు ఒక చోట ఆగిపోయాను. ఎందుకో రాస్తాను, కోప్పడకు.

నాన్న ఆ పొయ్యిని ఎప్పుడు చూశాడు? ఆయన చదివింది మిషన్ హాస్టల్లో. ఊరికి వచ్చేది క్రిస్మస్ సెలవులకి. పాకం నాకింది అప్పుడే. మనిద్దరం వేడి బెల్లం తిన్నదీ చలికాలంలోనే, స్వెట్టర్లకి అంటించుకుని అమ్మ చేత దెబ్బలు తిన్నాం. చెరుకు నరికేది, బెల్లం వండేది వానలన్నీ వెళ్ళిపోయాక. మరి గెడ్డ పొంగేది ఎప్పుడు?

డిసెంబరులో పొయ్యి పొడిగా ఉందంటే అక్టోబరులో అక్కడ నీళ్ళు లేవని ఎలా చెప్తాం?

నాకు జవాబు తెలీదు. నిజంగానే తెలీదు. నాన్న అంత సంతోషంగా ఉన్నప్పుడు ఇది రాయాలా వద్దా అని ఒక రోజంతా ఊరుకున్నాను.

ఇటుక సంగతి కూడా రాయి.

సోనీ


అనకాపల్లి,
ఆగస్టు 24.

అక్కా,

నిలువుగా. ఆరు చోట్ల. ఎత్తు తీసేయలేదు. సారు "నిలబెట్రా" అన్నారు, నిలబెట్టాను. బురద కోసమైతే అడ్డంగా పెట్టినా చాలని నాకూ తెలుసు. ఈ జవాబు చాలా?

మట్టి పోస్తారు కాబట్టి ఎలాగూ ఆ ఎత్తుకి వస్తుంది, ముందే రాసుకున్నాం అంతే అన్నారు సారు. నాకు అది సబబుగానే అనిపించింది. ఈ పనిలో మూడు నెలలు నిలిచాను. నేను ఏ పనిలోనైనా మూడు నెలలు ఉండటం అమ్మ మొదటిసారి చూసింది.

నువ్వు కొండల్లో కూర్చుని గుమ్మడికాయలకి నీళ్ళు పోస్తూ ప్రశ్నలు వేస్తావు. ఇక్కడ నాన్న రోజూ సాయంత్రం ఇరవై ఏడుకి వెళ్ళి నాలుగు మూలలా నిలబడి వస్తున్నాడు. గది కొలతలు అడుగులతో వేస్తున్నాడు. నీ గదిలో కిటికీ ఎటుండాలో నన్ను అడిగాడు. నేనేం చెప్పను?

సురేష్


రాయగడ,
సెప్టెంబరు 1.

తమ్ముడూ,

పోయిన ఉత్తరానికి ఇంకా నెల తిరగలేదు, లెక్క ప్రకారం ఇది నేను రాయాల్సిన ఉత్తరం కాదు. స్టాంపు మదరే ఇచ్చారు.

నువ్వు నిజం రాసినందుకు ఆవిడ నీకు థాంక్స్ చెప్పమన్నారు. ఇంకో మాట అన్నారు: "పొయ్యి తడిసిందా లేదా అని మనుషుల్ని ఎందుకు అడగడం? పొయ్యినే అడగొచ్చు. తవ్వి చూడమను."

కిటికీ ఎటున్నా పరవాలేదు.

సోనీ


అనకాపల్లి,
సెప్టెంబరు 14.

అక్కా,

తవ్వాను.

ఆదివారం నాన్న, అమ్మ కొండకర్ల వెళ్ళారు, చిన్నాన్న కూతురి నామకరణానికి. నాకు జ్వరం అని చెప్పి ఉండిపోయాను. అప్పలరాజు మేస్త్రి దగ్గర గునపం, పార అడిగి తెచ్చాను. "ఏటిరా, సమాధా?" అన్నాడు.

పైన జానెడు నల్లమట్టి, చెరుకు వేళ్ళతో. దాని కింద ఎర్రగా కాలిన మట్టి, పెంకులా గట్టిగా ఉంది. హమ్మయ్య, పొయ్యే అనుకున్నాను. ఇంకో దెబ్బ వేస్తే గునపం మెత్తగా దిగిపోయింది. ఒండ్రు అక్కా. జల్లెడ పట్టినట్టు సన్నగా, పచ్చగా, చేత్తో నలిపితే పిండిలా. గెడ్డ ఒడ్డున వరద తీశాక మిగులుతుంది కదా, అదే. దాని కింద మళ్ళీ కాలిన మట్టి, బూడిద. మళ్ళీ ఒండ్రు. మళ్ళీ ఎర్రమట్టి. నడుము లోతు తవ్వి, పక్క గోడని పారతో నున్నగా చెక్కి చూశాను. మడత కాజా అడ్డంగా కోసినట్టుంది. ఎర్ర పొర, పచ్చ పొర, ఎర్ర పొర, పచ్చ పొర. పచ్చవి లెక్కపెట్టాను. ఏడు.

భయం వేయాలి. నాకు ముందు భయం వేయలేదు. ఎంత బాగుందో అనిపించింది. ఒక్కో వరదా వచ్చి సంతకం పెట్టి వెళ్ళింది, ఎవరూ దాచమనలేదు, నేల దాచింది. తర్వాత నాన్న గుర్తొచ్చాడు.

అప్పలనర్సమ్మని లాక్కొచ్చాను. గొయ్యి అంచున గొంతుక్కూర్చుని చూసింది.

"అయితే ఏటి? కింద పొయ్యి ఏటేటా మెత్తుకునేవోళ్ళం. గెడ్డ తీసిన తర్వాత కొత్త మట్టి తెచ్చి."

"పొయ్యి ఉన్న చోటికి నీళ్ళు రావన్నావు కదా మామ్మా!"

"అది పై పొయ్యి గురించి సెప్పేను. దిబ్బ మీదది. నువ్వు ఏ పొయ్యో అడిగేవేటి?"

నేను అడగలేదు అక్కా. అదొక్కటీ అడగలేదు.

అప్పుడే నాన్న వచ్చేశాడు. జ్వరం అన్నానని అమ్మని అక్కడే వదిలి ముందు బస్సుకి వచ్చాడట, ఇంట్లో లేకపోయేసరికి వెతుక్కుంటూ ఇటొచ్చాడు. చేతిలో మందుబిళ్ళలు.

"జొరమన్నావు. ఇదేటి?"

నాన్న చెప్పులు విప్పి గొయ్యిలోకి దిగాడు. చొక్కా కూడా విప్పలేదు. బొటనవేలితో పొరల మీద ఒకటొకటిగా నొక్కుతూ పైకి వచ్చాడు. ఆయన లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు, పెదాలు కదులుతున్నాయి. చివరి దాని దగ్గర వేలు అలాగే ఉంచేశాడు.

"నేను క్రిస్మస్‌కే వచ్చీవోణ్ణి కదా" అన్నాడు. నువ్వు రాసిన మాటే. నేను ఆయనకి చెప్పలేదు.

తర్వాత పైకి ఎక్కి, మందుబిళ్ళలు నా చేతిలో పెట్టి, "పూడ్సీ. మీ అమ్మకి సెప్పకు" అన్నాడు.

పూడ్చేశాను. అప్పలనర్సమ్మ కూడా కాలితో మట్టి తోసింది.

లేఅవుట్ నోటీసు పంచాయతీ బోర్డు మీద అంటించారు. అభ్యంతరాలుంటే సెప్టెంబరు ముప్పై లోపు రాసివ్వాలట. నేను ఇస్తే కింది వరసలన్నీ పోతాయి, నాన్నది కూడా. ఇవ్వకపోతే మట్టి పోస్తారు, ఇళ్ళు లేస్తాయి, నీళ్ళు మన వీధిలోకి పోతాయి. ఇరవై ఏడులోకి కూడా వస్తాయి, నీ గదిలోకి.

నువ్వు నాన్నకి ఒక ఉత్తరం రాయి. నీ మాట వింటాడు.

సురేష్


రాయగడ,
సెప్టెంబరు 20.

తమ్ముడూ,

నేను నాన్నకి రాయను.

రాస్తే వింటాడు, అందుకే రాయను. నేను ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా నా మాట విన్నాడు. రైలు కదిలేదాకా నవ్వుతూ ఉన్నాడు, తర్వాత ప్లాట్‌ఫాం మీద కూర్చుండిపోవడం కిటికీలోంచి చూశాను. ఇంకోసారి ఆయన చేత అలా వినిపించలేను.

ఇటుక నువ్వు పెట్టావు. అది తీయాల్సింది నువ్వు. దాని గురించి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు నీకు. గొయ్యి నాన్న ప్లాటులో ఉంది, పూడ్చమన్నది నాన్న. దాన్ని ఆయనకి వదిలెయ్.

ఈ ఉత్తరం మదర్ చదవలేదు. కవరు అంటించి ఇవ్వమన్నారు.

సోనీ


అనకాపల్లి,
నవంబరు 3.

సోనీ అక్కా,

నెల దాటిపోయింది. జరిగినవన్నీ వరసగా రాస్తాను.

సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన అభ్యంతరం రాసి ఇచ్చాను. "అయ్యా" అని మొదలుపెట్టాను, ఆఫీసరు ఆడమనిషని తెలిసి కొట్టేసి "అమ్మా" అని రాశాను. మొత్తం మూడే వాక్యాలు. కింది వరసలో ఆరు చోట్ల స్టాఫ్ పట్టుకున్నది నేనే. ఆరు చోట్లా దాని కింద ఇటుక నిలబెట్టింది నేనే. ఆ ఎత్తు నేలది కాదు. గొయ్యి సంగతి రాయలేదు. ఇచ్చేముందు నాన్నకి చదివి వినిపించాను. ఆయన బూట్లు తుడుచుకుంటున్నాడు. "ఇటుక అని రాసేటప్పుడు కొమ్ము పడిందో లేదో సూసుకో" అన్నాడు, అంతే.

రామ్‌గోపాల్ సారు తిట్టలేదు. "కర్ర అక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు. తిడితేనే బాగుండేది.

అక్టోబరు పదిన ప్లానింగ్ ఆఫీసరు వచ్చారు, సుచిత్ర గారని. తన మిషన్ తనే తెచ్చుకున్నారు. స్టాఫ్ పట్టుకోవడానికి మనిషి లేకపోతే నన్నే పట్టుకోమన్నారు! ఆరు చోట్లా నేల మీద పెట్టాను, ఉత్తి నేల మీద. సారు మ్యాపులో రాసిన దానికంటే ఆరు చోట్లా నేల ఎత్తు తొమ్మిదేసి అంగుళాలు పడిపోయింది. మూర్తి గారు గొడుగు కింద నిలబడి, "బురద కదమ్మా, కుర్రోడు పొరపాటు పడ్డాడు. తొమ్మిదంగుళాలు మట్టి పోసేత్తాం" అన్నారు.

సుచిత్ర గారు, "మట్టి సంగతి తర్వాతండీ. అసలు నీళ్ళు ఎంతదాకా వస్తాయి? మీ మ్యాపులో వరద గీత గెడ్డ అంచునే ఉంది. దానికి ఆధారం ఏంటి?" అన్నారు.

సారు, "ఊళ్ళో అడిగాం మేడం. ఇంతకు మించి వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు" అన్నారు.

ఆవిడ అక్కడున్న జనం వైపు తిరిగి, "ఎవరైనా చూశారా?" అన్నారు. ప్లాట్లు కొన్నవాళ్ళే సగం మంది. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను కర్ర పట్టుకుని నేలకేసి చూస్తున్నాను. నోరు విప్పితే మాట వచ్చేస్తుందని పళ్ళు బిగించాను. నాన్న వెనక నిలబడి ఉన్నాడు, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు, ఖాకీ చొక్కాతోనే. ఒక నిమిషం అయ్యాక చూస్తే అక్కడ లేడు.

తర్వాత గునపం చప్పుడు వినిపించింది.

అందరం వెళ్ళేసరికి ఇరవై ఏడులో మోకాలి లోతు తవ్వేశాడు. పూడ్చిన మట్టి కాబట్టి తేలిగ్గా వస్తోంది. ఎవరినీ చూడటం లేదు. నేను పార అందుకున్నాను. గోడ చెక్కడం అయ్యాక నాన్న పక్కకి జరిగి, "సూడండమ్మా. పచ్చగా ఉన్నదంతా గెడ్డ తెచ్చిందే. ఏడుసార్లు" అన్నాడు.

సుచిత్ర గారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గొయ్యిలోకి దిగారు. నేను మొదటిరోజు చూసినట్టే చూశారు, నోరు కొంచెం తెరుచుకుని. ఫోటో తీయడానికి కొలత తెలియాలి, ఏదైనా పెట్టండి అంటే నాన్న జేబులో పెన్ను తీసి పొర పక్కన గుచ్చాడు. అప్పలనర్సమ్మ కూడా వచ్చి పై పొయ్యికీ కింద పొయ్యికీ తేడా ఆవిడకి చెప్పింది. ఈసారి ఎవరూ అడగకుండానే.

మూర్తి గారు, "నీ ప్లాటు నువ్వే తవ్వుకున్నావు గదయ్యా యేసుదానం" అన్నారు.

"తవ్వింది మావోడు సార్. నేను మూత తీసేనంతే."

మ్యాపు మళ్ళీ గీయించారు. కింది రెండు వరసలూ ఖాళీ స్థలం కింద వదిలేయాలి, మట్టి పోయకూడదు. అక్కడ ప్లాట్లున్నవాళ్ళలో కొందరు నాన్నతో మాట్లాడటం మానేశారు. పూజ దగ్గర మన బెంచీ ఖాళీగా ఉంటోంది. నాన్నకి ఇరవై ఏడుకి బదులుగా తొమ్మిదో నంబరు ఇచ్చారు, పై వరసలో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన. చిన్నది. రెండు గదులే వస్తాయి. నాన్న క్యాలెండర్ వెనక మళ్ళీ గీశాడు. "సోనీ గది" అని ఈసారి రాయలేదు. మేడ మెట్ల దగ్గర ఒక గీత గీసి, తర్వాత చూద్దాం అన్నాడు.

పోయిన వారం వాయుగుండం వచ్చింది. మూడు రోజులు వాన. గెడ్డ రాత్రికి రాత్రి లేచింది. తెల్లారి నాన్న, నేను దిబ్బ మీద, పై పొయ్యి దగ్గర నిలబడి చూశాం. కింద వరసలన్నీ నీళ్ళే. ఇరవై ఏడు ఎక్కడుందో తెలీదు. సర్వే రాళ్ళ తలలు కూడా కనిపించలేదు. మన వీధిలోకి వాకిలి దాకా వచ్చి ఆగాయి, మంచాలు తడవలేదు. అమ్మ గడప మీద కూర్చుని చీపురుతో నీళ్ళని వెనక్కి కొడుతూనే ఉంది.

నిన్న నీళ్ళు తీశాయి. నాన్న చెప్పులు చేతిలో పట్టుకుని ఇరవై ఏడుకి నడిచాడు, వెనక నేను. గొయ్యి సగం పూడిపోయింది. అంతా పచ్చని ఒండ్రు, తడిగా, మెరుస్తూ. నాన్న గొంతుక్కూర్చుని దానిలో వేలు గుచ్చాడు. రెండు కణుపులు దిగింది.

"ఎనిమిది" అన్నాడు.

కొండకర్ల ఆవ (మదర్ గారూ, ఆవ అంటే పెద్ద మంచినీటి సరస్సు) కింద ఎన్ని పొరలుంటాయో అని నాకిప్పుడు అనుమానంగా ఉంది. సుచిత్ర గారిని అడిగితే తనకి తెలీదన్నారు, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి వచ్చి నువ్వే కొలిచి చెప్పు అన్నారు. చూడాలి.

ఈ కవర్లో చిన్న కాగితం పొట్లం ఉంది. జాగ్రత్తగా విప్పు, పొడి రాలిపోతుంది. మదర్‌కి చూపించు. దాని మీద అంకె నాన్న రాశాడు.

సురేష్